ప్రజాప్రతినిధుల ఆస్తి లెక్క

ఓటడుగ వచ్చిన అభ్యర్థి తన ఆస్తి ఎంతో చెప్పి తీరవలెనని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. దానిని సడలించుచు పార్లమెంటు చేసిన సవరణను 2003లో కొట్టివేసినది. నామినేషనుతో ఇచ్చు ప్రమాణ పత్రములో తనవే కాక, భార్యవి లేక భర్తవి, ఆధారపడినవారివి కూడ నగదు, బంగారము, భూములు, అప్పులు చూపవలెను. ఆదాయ మార్గములు సైతము తెలుపవలెనని 2018లో అదే కోర్టు చెప్పినది. మనవారు తరతరాలుగా ఉన్న కర్ణాటకలో శాసనసభ్యులు ఏటేటా లోకాయుక్తకు లెక్క ఒప్పజెప్పవలెనని 1984 నాటి చట్టము.

ఆస్తి ఉండుట నేరము కాదు. వెనుకటి ఎన్నికల పత్రమును, ఇప్పటి పత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. పాత భూమి ధర పెరిగినదా, కొత్త భూమి చేరినదా? చేరినచో, చూపిన ఆదాయము దానికి చాలునా? ఓటు వేయకముందే అడుగవలసిన ప్రశ్న ఇది.