గోడ లోపల నిర్మాణం.. గోడ బయట ఊహాగానం

శంషాబాద్: వినోదాల పార్కులో కొత్త విభాగానికి పునాది పడితే చాలు, అభిమానుల ఊహలకు రెక్కలు వస్తాయి. విమానాశ్రయానికి చేరువలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన వండర్‌లాకూ ఇది వర్తిస్తుంది. కొచ్చి (2000), బెంగళూరు (2005) తరువాత ఆ సంస్థ నెలకొల్పిన మూడో పార్కు ఇది.

నిర్మాణాన్ని చూసి కొంతవరకు గ్రహించవచ్చు. ఒక వైపు నుంచి క్రమంగా లోతు పెరిగే విశాలమైన గుంత అలల కొలను కావచ్చు. ఎత్తయిన మెట్ల బురుజు నీటి జారుడుబల్లలకు గుర్తు. అయితే కన్ను మోసపోవడమూ కద్దు. ఇక్కడి ‘రీకాయిల్’ పట్టాలు రెండు కొసలా ఆకాశంలోనే ఆగిపోతాయి. తెలియనివారు పని సగంలో నిలిచిందనుకుంటారు. దాని తీరే అంత. బండిని ఒక కొసకు లాగి వదిలితే, మెలికలు తిరిగి రెండో కొసకు ఎక్కి, అదే దారిన వెనక్కి వస్తుంది.

సరదా ఊహతో నష్టం లేదు. దానిని చూపి ప్లాట్లు అమ్మజూపితేనే చిక్కు. వండర్‌లా షేర్లు 2014లో స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదయ్యాయి. కనుక కీలక విస్తరణ నిర్ణయాలను ఆ సంస్థ వాటికి వెల్లడించవలసిందే. ఆ ప్రకటనలను ఎవరైనా చూడవచ్చు. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌లో ప్లాటు కొనేవారు రెరా నమోదు సంఖ్య అడిగి సరిచూసుకోవాలి. ఊహించడం ఎవరి ఇష్టం వారిది. ఊహకు బయానా ఇవ్వరాదు.