'ఘాజీ' శకలాలను చేరడం అంత సులభమేమీ కాదు!

కురవి: మహబూబాబాద్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లిన వారు బీచ్‌రోడ్డులోని 'కురుసుర' జలాంతర్గామిని చూడకుండా తిరిగిరారు. 2017లో వచ్చిన 'ఘాజీ' చిత్రమూ పాఠకులకు సుపరిచితమే. ఆ చిత్రానికి మూలమైన అసలు జలాంతర్గామి నేటికీ విశాఖ తీరానికి చేరువలో సముద్రగర్భంలోనే ఉండటం విశేషం.

అమెరికాలో 'డయాబ్లో' పేరుతో నిర్మించిన ఈ జలాంతర్గామి 1964లో పాకిస్థాన్‌కు చేరింది. 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చి, డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా సిబ్బంది మృతిచెందారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ జరిపిన దాడే కారణమని భారత్, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడే కారణమని పాకిస్థాన్ పేర్కొంటున్నాయి.

బావికీ సముద్రానికీ తేడా ఇదీ..

వ్యవసాయ బావిలో లోతుకు మునిగిన వారికి చెవులు నొప్పిపుట్టడం అనుభవమే. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 2024 ఫిబ్రవరి నాటి వార్తల ప్రకారం ఘాజీ సుమారు 100 మీటర్ల లోతున ఉంది. అంతలోతున పీడనం ఉపరితలం కంటే 11 రెట్లు ఉంటుంది. అక్కడ మామూలు గాలి పీలిస్తే నత్రజని మత్తు కలిగిస్తుంది. ప్రాణవాయువే విషమై మూర్ఛ తెప్పిస్తుంది. అందుకే గజఈతగాళ్లు హీలియం కలిపిన వాయువును వాడతారు.

పైకి రావడమే అసలు పరీక్ష

సోడా సీసా మూత తీయగానే బుడగలు పొంగినట్లే, వేగంగా పైకి వస్తే రక్తంలో కరిగిన వాయువు బుడగలుగా మారి పక్షవాతానికి, మరణానికి దారితీస్తుంది. అడుగున కొద్ది నిమిషాలు గడిపినా, మెట్టుమెట్టుకూ ఆగుతూ గంటల తరబడి పైకి రావాల్సి ఉంటుంది. ఎక్కువ రోజుల పని అయితే ఓడపై అధిక పీడన గదిలోనే నివసిస్తూ పనికి దిగుతారు. పని ముగిశాక ఒకేసారి, రోజుల తరబడి పీడనం తగ్గిస్తారు.

విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. ఈ విధానంలో 300 మీటర్ల లోతు వరకు ఈతగాళ్లను దింపే సామర్థ్యం దీనికి ఉంది. ఘాజీ మునిగాక 1971లో ఆ శకలాల వద్దకు గజఈతగాళ్లను పంపిన నౌక పేరు కూడా నిస్తారే కావడం గమనార్హం.

తాకకపోవడమే మర్యాద

నౌకాదళ రక్షణ వాహనం ఘాజీ శకలాలను గుర్తించినా, మృతులపై గౌరవంతో వాటిని తాకలేదని 2024లో వార్తలు వెలువడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా విశాఖ సముద్రంలోనే మునిగింది. శత్రుదేశానివే అయినా, అవి నావికుల సమాధులు. అక్కడికి చేరే సాంకేతికత నేడు అందుబాటులోకి వచ్చింది. ఆ సమాధులను కదల్చకుండా కాపాడే బాధ్యత కూడా దానితోపాటే వచ్చిందని గుర్తించాలి.