సర్కారు బాకీకి అమ్మ కూలే జామీనా?

పొన్నూరు దగ్గరి మాదిగపల్లె నుంచి డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేను. చదువు ముగిసినా కళాశాల నా సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదన్నారు. అమ్మ మిరపకోతల మేస్త్రి దగ్గర కూలి డబ్బు ముందే తీసుకొని వాటిని విడిపించింది. సర్కారు బాకీని ఆమె రెక్కలు తీర్చాయి.

దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు 1944లో, అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో మొదలయ్యాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, మిగిలింది రాష్ట్రాలది. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే కేంద్ర వాటా విద్యార్థి ఖాతాకు చేరుతుంది. అంటే రాష్ట్రం జాప్యం చేస్తే రెండు వాటాలూ ఆగిపోతాయి.

కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటనివారికే ఈ సాయం. అలాంటి ఇల్లు ప్రభుత్వాలకు అప్పు పెట్టవలసి రావడం ఏ సామాజిక న్యాయం? బకాయిని కళాశాలలు ప్రభుత్వాన్నే అడగాలి. సర్టిఫికెట్లు ఆపడాన్ని శిక్షార్హం చేయాలి. నిధుల విడుదలకు గడువును చట్టంలోనే రాయాలి. సెంటు భూమి లేని మాకు ఆ కాగితమే పట్టా.