కడుపులో బిడ్డ ఎదుగుదల: మాయ చేసే పని

మదీనత్ ఖలీఫా వంటి చోట్ల కాపురముంటున్న మన కుటుంబాల్లో కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళడం మామూలే. మాయ సరిగా పనిచేయక బిడ్డ ఎదుగుదల తగ్గడం చాలాసార్లు బయటపడేది కూడా ఆ చివరి నెలల్లోనే. నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. ఈ విషయం గురించి మనందరికీ కొంత తెలిసి ఉండాలని రాస్తున్నాను.

మాయ ఏం చేస్తుంది?

నెలలు నిండేసరికి మాయ సుమారు అరకిలో ఉంటుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం అందులో కలవవు. మధ్యనున్న పల్చటి పొర గుండా ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు చేరతాయి. ఇందుకు గర్భసంచి గోడలోని సన్నటి రక్తనాళాలు మొదటి నెలల్లోనే బాగా వెడల్పవ్వాలి. అలా కాకపోతే మాయకు రక్తం చాలదు. తల్లికి బీపీ, కిడ్నీ జబ్బు, లూపస్, పొగతాగే అలవాటు ఉంటే ముప్పు ఎక్కువ. ఒక్కోసారి ఏ కారణమూ కనబడదు.

సరఫరా తగ్గినప్పుడు బిడ్డ శరీరం ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు, గుండెకు మళ్ళిస్తుంది. అందుకే తల కొలత బాగానే ఉన్నా పొట్ట కొలత తగ్గుతుంది. ఉమ్మనీరూ తగ్గవచ్చు.

ఒక్క స్కాన్ చాలదు

చిన్నగా ఉన్న ప్రతి బిడ్డకూ జబ్బున్నట్టు కాదు. రెండు మూడు వారాల తేడాతో తీసిన స్కాన్లను పోల్చి చూస్తేనే ఎదుగుదల ఆగిందో లేదో తెలుస్తుంది. బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో డాప్లర్ పరీక్ష చెబుతుంది.

మందు ఉందా?

పాడైన మాయను బాగుచేసే మందు ఇంకా లేదు. సిల్డెనాఫిల్‌తో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగాన్ని, కొందరు శిశువులు చనిపోవడంతో, 2018లో ఆపేశారు. ముప్పు ఎక్కువున్నవారికి 16 వారాల లోపే డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సొంతంగా వేసుకోకూడదు. "ఇద్దరి తిండి తినమ్మా" అని పెద్దలు బలవంతపెట్టినా మాయ బాగుపడదు. ఇది తల్లి తప్పూ కాదు. దగ్గరుండి గమనించి, సరైన సమయంలో కాన్పు చేయడమే మార్గం.

ప్రయాణానికి ముందు

మీరు చూపించుకునేది మదీనత్ ఖలీఫా హెల్త్ సెంటర్‌లోనైనా, హమద్ వారి ఆసుపత్రిలోనైనా, మొదటి స్కాన్ నుంచి అన్ని రిపోర్టులూ, బీపీ లెక్కలూ వెంట తీసుకెళ్ళండి. మొదటి స్కాన్ లేకపోతే బిడ్డకు ఎన్ని వారాలో అక్కడి డాక్టరుకు కచ్చితంగా తెలియదు. పాత కొలతలు లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.