వార్తల్లో పదం: కంటైనర్

గుంటూరులో కంటైనరంటే ఓడరేవుకు బయల్దేరే మిర్చి లోడు. కంప్యూటర్ల వాళ్లకు మాత్రం ఒకే సర్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పాత, కొత్త వెర్షన్లను కలవనీయకుండా నడిపే గది.

ఈ గది ఎందుకు? ఒక కోల్డ్ స్టోరేజీ లెక్కల ప్రోగ్రాంను ఎప్పుడో పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారనుకుందాం. ఆ పైథాన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. కొత్త ప్రోగ్రాంకేమో పైథాన్ 3 కావాలి. మిర్చి యార్డులో తేజ, 334 రకాల టిక్కీలు (బస్తాలు) ఒకే షెడ్డులో దిగినా లాట్లు కలవనివ్వరు. కలిస్తే ధర పోతుంది. సర్వర్‌లోనూ అంతే, రెండు వెర్షన్లు కలవకూడదు.

ఈ పనిలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక్కో దారి. ఫ్రీబీఎస్‌డీ 2000లోనే ‘జైల్’ పేరుతో ఇలాంటి గదులు కట్టింది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 కొన్ని సాఫ్ట్‌వేర్లకు పలు వెర్షన్లు మాడ్యూళ్లుగా ఇచ్చింది, కానీ ఒక మాడ్యూల్‌లో ఒకసారి ఒక్క వెర్షనే ఎక్కుతుంది. నిక్స్‌ఓఎస్ ప్రతి వెర్షన్‌నూ విడి ఫోల్డరులో పెడుతుంది. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి అదే, నేర్చుకునే ఓపిక ఉండాలి. 2013లో డాకర్ అనే కంటైనర్ల సాఫ్ట్‌వేర్ వచ్చాక మామూలు లినక్స్‌లోనూ గదులు కట్టడం తేలికైంది. చిన్న జిన్నింగ్ మిల్లుకు డెబియన్ లినక్స్ మీద కంటైనర్లు చాలు.

గదులు వేరైనా పునాది, అంటే కెర్నల్, అన్నిటికీ ఒకటే. పాత వెర్షన్‌లోని భద్రతా లోపాలు గదిలో పెట్టినంత మాత్రాన పోవు. పునాదికీ ఇదే వర్తిస్తుంది: సెంటాస్ 7 అనే లినక్స్‌కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. మీ సర్వర్ ఇంకా దాని మీదే నడుస్తుంటే, సీజను కొనుగోళ్లు మొదలయ్యేలోపే మార్చేయండి.