సోలోగా యూరప్ పాత నగరాల్లో నడక: ఫోన్ ఆగినా ట్రిప్ ఆగకుండా ప్లాన్ చేసుకోవడం ఎలా?

యూరప్ ట్రిప్ అని వెతికితే పది రోజుల్లో ఐదారు దేశాలు చుట్టేసే ప్లాన్లే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో సగం టైమ్ రైళ్లలో, ఎయిర్‌పోర్టుల్లో పోతుంది. ఒక్కరే వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి దారి ఒకటుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడు పాత నగరాలు ఎంచుకుని, వాటి మధ్య రైల్లో వెళ్లి, ఊళ్లో మాత్రం పూర్తిగా నడవడం. ఈ ఊళ్లు కార్లు పుట్టకముందే కట్టినవి. మనిషి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే అన్నీ ఉంటాయి.

గాడ్జెట్ సైట్‌లో ఈ టాపిక్ ఎందుకంటారా? సోలో ట్రిప్‌లో మ్యాప్, టికెట్, డబ్బు, హోటల్ అడ్రస్, అనువాదం, ఇంటికి కాల్, అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. నలుగురు కలిసి వెళ్తే ఒకరి ఫోన్ పోయినా మిగతా మూడు ఉంటాయి. ఒక్కరే వెళ్తే పక్కన బ్యాకప్ సర్వర్ లేదన్నమాట. అందుకే మీ ప్లాన్‌కి ఒక్కటే టెస్ట్ పెట్టుకోండి: ఫోన్ ఒక రోజంతా పనిచేయకపోయినా నేను రూమ్‌కి చేరి, తిని, మర్నాడు రైలెక్కగలనా? అవును అని చెప్పగలిగితే ప్లాన్ పాస్ అయినట్టే.

ఉదాహరణకి ఇటలీలో ఒకే లైన్ మీద ఉన్న ఫ్లారెన్స్, బొలోనియా, వెనిస్ తీసుకుందాం. ఫ్లారెన్స్ నుంచి బొలోనియాకి హైస్పీడ్ రైల్లో సుమారు 40 నిమిషాలు, అక్కడి నుంచి వెనిస్‌కి గంటన్నర. మొదటిసారి వెళ్లేవాళ్లకి 3 రాత్రులు ఫ్లారెన్స్, 2 బొలోనియా, 3 వెనిస్ సరిగ్గా సరిపోతాయి.

ముందు ఊరి లాజిక్ అర్థం చేసుకోండి

ప్రతి పాత నగరానికీ ఒక లాజిక్ ఉంటుంది. అది తెలిస్తే మ్యాప్ మీద ఆధారపడటం సగానికి తగ్గిపోతుంది.

ఫ్లారెన్స్: శాంటా మరియా నోవెల్లా స్టేషన్ నుంచి డ్యూమో చర్చికి నడిస్తే పది నిమిషాలు. అక్కడి నుంచి ఆర్నో నది మీదున్న పాత వంతెన పోంటె వెక్కియోకి ఇంకో పది నిమిషాలు. బ్రూనెల్లెస్కీ కట్టిన ఎర్రటి గుమ్మటం ఇళ్లపైన ఎత్తుగా కనిపిస్తుంది. దారి తప్పితే గుమ్మటం ఎటు ఉందో, నది ఎటు ఉందో చూసుకుంటే చాలు, మీరెక్కడున్నారో అర్థమైపోతుంది. ఇక్కడ ఒక్క తిరకాసు ఉంది, అది ఇంటి నంబర్లు. షాపులు, రెస్టారెంట్లకి ఎర్ర నంబర్లు, ఇళ్లకి నీలం లేదా నల్ల నంబర్లు వేరువేరుగా ఉంటాయి. ఒకే వీధిలో ఎర్ర 15 ఒకచోట, నల్ల 15 చాలా దూరంలో ఉండొచ్చు. అడ్రస్‌లో నంబర్ తర్వాత ఆర్ అనే అక్షరం ఉంటే అది ఎర్ర నంబర్. మ్యాప్ పిన్ తప్పు చోట కనిపిస్తే ముందు చెక్ చేయాల్సింది ఇదే.

బొలోనియా: స్టేషన్ దగ్గర మొదలయ్యే వియా ఇండిపెండెంజా అనే రోడ్డు పట్టుకుంటే దాదాపు నేరుగా పియాజ్జా మజ్జోరే చౌరస్తాకి వస్తారు, సుమారు 20 నిమిషాల నడక. ఈ ఊరి స్పెషాలిటీ పోర్టికోలు, అంటే ఫుట్‌పాత్‌ల మీద కమానులతో కప్పిన నడవాలు. ఊరు మొత్తం మీద ఇవి 62 కి.మీ. ఉంటాయి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఎండలోనూ వానలోనూ నడకకి ఇంతకంటే అనువైన ఊరు దొరకడం కష్టం. కాళ్లలో సత్తువ ఉంటే సాన్ లూకా చర్చికి వెళ్లే పోర్టికో ఎక్కండి. 666 కమానులు, 4 కి.మీ.కి కాస్త తక్కువ, చివరి సగం ఎత్తెక్కాలి. ఊరి నడుమ ఉన్న అసినెల్లి టవర్ ఎక్కడం మాత్రం ప్లాన్‌లో పెట్టుకోవద్దు. పక్కన ఒరిగి ఉన్న గరిసెండా టవర్ భద్రత కోసం 2023లో దాన్ని మూసేశారు.

వెనిస్: కార్లు లేవు, బైకులు లేవు, సైకిల్ కూడా తొక్కనివ్వరు. 400కి పైగా వంతెనలు, చాలావాటికి మెట్లుంటాయి. ఊరిని ఆరు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి వేలల్లో వరుస నంబర్లు ఇచ్చారు. కాబట్టి ‘సాన్ మార్కో, ఫలానా నంబర్’ అంటే వీధి ఏదో తెలియదు. బుక్ చేసేటప్పుడే హోటల్ వాళ్లని సందు పేరు, దగ్గర్లోని వంతెన లేదా పడవ స్టాప్ పేరు అడిగి రాసుకోండి. గోడల మీద పసుపు బోర్డులు బాణం గుర్తులతో కనిపిస్తాయి: పెర్ రియాల్టో, పెర్ సాన్ మార్కో, ఫెర్రోవియా. చివరిది రైల్వే స్టేషన్ అని. ఈ మూడు మాటలు గుర్తుంటే ఫోన్ లేకుండానే ఊరు దాటేయొచ్చు.

సందుల్లో నీలి చుక్క ఎందుకు గెంతుతుంది?

జీపీఎస్ శాటిలైట్లు 20,000 కి.మీ. ఎత్తులో ఉంటాయి. వాటి సిగ్నల్ ఎంత సేపటికి వచ్చిందో కొలిచి ఫోన్ మీ స్థానం లెక్కిస్తుంది. వెనిస్‌లో రెండు చేతులు చాపితే గోడలు తగిలే సందులున్నాయి. అక్కడ పైన సన్నటి ఆకాశం గీత తప్ప ఏమీ కనబడదు. నేరుగా వచ్చే సిగ్నల్స్ తగ్గుతాయి, గోడలకి తగిలి ఆలస్యంగా వచ్చేవి పెరుగుతాయి. ఫోన్ ఆ ఆలస్యాన్ని దూరం అనుకుంటుంది. దీన్నే మల్టీపాత్ అంటారు. చుక్క పక్క సందులోకో, కాలువలోకో గెంతేది అందుకే.

కొత్త ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్, అంటే ఎల్1తో పాటు ఎల్5 ఉందేమో చూడండి. ఎల్5 సిగ్నల్‌తో నేరుగా వచ్చినదాన్నీ గోడకి తగిలి వచ్చినదాన్నీ విడదీయడం తేలిక. అలాగని పూర్తిగా నమ్మొద్దు. ఇరుకు సందులో అదీ తడబడుతుంది. చుక్క గెంతితే నాలుగడుగులు వేసి దగ్గర్లోని చౌరస్తా మధ్యలో ఒక్క నిమిషం నిలబడండి, సర్దుకుంటుంది.

మీ ఫోన్ వాడే శాటిలైట్లలో యూరప్ వాళ్ల గెలీలియో సిస్టమ్ కూడా ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఎవరి మీదో తెలుసు కదా. ఆయన సమాధి ఫ్లారెన్స్‌లోని శాంటా క్రోచె చర్చిలో ఉంది. ఆయన టెలిస్కోపులు నది ఒడ్డునే ఉన్న గెలీలియో మ్యూజియంలో ఉన్నాయి. 1609లో వెనిస్ పెద్దలకి టెలిస్కోప్ చూపించింది సాన్ మార్కో గంట స్తంభం పైనుంచి. టెక్ ఇష్టపడేవాళ్లకి ఈ రెండు ఊళ్లనీ కలిపే దారం ఇది.

ఆఫ్‌లైన్ మ్యాప్: డౌన్‌లోడ్ చేస్తే సరిపోదు

జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా మీ స్థానం తెలుస్తుంది. కావాల్సింది మ్యాప్ ఫోన్‌లో ముందే ఉండటం. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ ఏరియా ప్రధానంగా కారు దారుల కోసం చేసింది. నడక దారి కూడా వస్తుందిలే అని దాని మీదే ఆధారపడకండి. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ లాంటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ యాప్‌లు నడక దారిని ఆఫ్‌లైన్‌లోనే లెక్కిస్తాయి. మెట్ల దారులు, తాగునీటి కుళాయిలు కూడా చూపిస్తాయి.

మ్యాప్‌లో అన్నిటికంటే ముందు రూమ్‌కి పిన్ పెట్టండి. తర్వాత స్టేషన్, ఒక సూపర్‌మార్కెట్, ఒక ఫార్మసీ. చూడాల్సిన చోట్లు ఆ తర్వాతే. అదే నాలుగు చోట్లతో ఒక కాగితం మీద చేత్తో బొమ్మ గీసి పర్సులో పెట్టుకోండి. గీసేటప్పుడే ఊరు సగం గుర్తుండిపోతుంది.

బ్యాటరీ, నీళ్లు, ప్లగ్గు

ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్, నావిగేషన్, కెమెరా, ఈ మూడూ కలిస్తే మంచి ఫోన్ కూడా సాయంత్రానికి చేతులెత్తేస్తుంది. స్క్రీన్ ఆన్‌లో పెట్టి చుక్కని చూస్తూ నడవకండి. తర్వాతి మూడు మలుపులు చూసుకుని, ఫోన్ జేబులో పెట్టి నడవండి. బ్యాటరీ మిగులుతుంది, ఊరూ కనిపిస్తుంది. జనం మధ్య ఫోన్ చేతిలో ఊగుతూ ఉండదు కాబట్టి దొంగల చూపూ తగ్గుతుంది.

పవర్ బ్యాంక్ విమానంలో క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి. మామూలు పరిమితి 100 వాట్ అవర్. లెక్క ఇలా: 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్ అవర్. అంటే ఓకే. నడకకి మాత్రం 10,000 చాలు, రోజంతా మోసేది మీరే కదా.

ఇటలీలో కరెంట్ మనలాగే 230 వోల్టులు. మన ఫోన్ల సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ సాధారణంగా పట్టేస్తుంది. లాప్‌టాప్ మూడు పిన్నులకి అడాప్టర్ కావాలి. ఇంకో మాట: ఐపీ68 పరీక్షలు మంచినీళ్లతో చేస్తారు. వెనిస్ కాలువల్లో ఉన్నది ఉప్పునీరు. తడిస్తే మంచినీళ్లతో కడిగి, పోర్ట్ పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి.

ఫోన్ పోతే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు టెస్ట్. ఫోన్ పోయిందనుకోండి, ఏమేం పోతాయి?

డబ్బు: స్కాన్ చేసి కట్టేసే మన యూపీఐ అలవాటు ఇక్కడ నడవదు. రెండు కార్డులు తీసుకెళ్లి, రెండిటినీ వేరువేరు చోట్ల దాచండి. అంతర్జాతీయ వాడకం బ్యాంక్ యాప్‌లో ఇంటి దగ్గరే ఆన్ చేసుకోండి. కొంచెం యూరోల క్యాష్ మూడో చోట.

ఓటీపీ: బ్యాంక్ ఓటీపీ వచ్చేది మన ఇండియన్ సిమ్‌కే. దానికి రోమింగ్ యాక్టివేట్ చేసి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చేసి ఉంచండి. డేటాకి ట్రావెల్ ఈ-సిమ్ తీసుకోండి. *#06# కొడితే ఈఐడీ నంబర్ కనిపిస్తే మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉన్నట్టే. ఇంట్లో వైఫై మీదే ఇన్‌స్టాల్ చేయండి. చాలా ఈ-సిమ్ క్యూఆర్ కోడ్‌లు ఒక్కసారే పనిచేస్తాయి, మధ్యలో డిలీట్ చేయొద్దు.

లాగిన్: కొత్త ఫోన్‌లో జీమెయిల్ తెరవాలంటే కోడ్ పాత ఫోన్‌కి వెళ్తుంది, అది పోయింది! అందుకే గూగుల్ బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ ప్రొటెక్షన్, ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి.

పాత ఫోన్: డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్‌కి ఇప్పుడు పని దొరికింది. ఆఫ్‌లైన్ మ్యాప్‌లు, టికెట్ పీడీఎఫ్‌లు, పాస్‌పోర్ట్ స్కాన్ వేసి రూమ్‌లో ఉంచండి. అదే మీ బ్యాకప్ సర్వర్.

కాగితం: హోటల్ అడ్రస్‌లు, టికెట్ల ప్రింట్లు, ఇంటి నంబర్, రోమ్‌లోని భారత ఎంబసీ, మిలాన్‌లోని కాన్సులేట్ నంబర్లు. ఎమర్జెన్సీకి 112.

బుకింగ్ వరుస

అన్నిటికంటే ముందు వీసా. షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి చివరిదాకా ఆగొద్దు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. రూమ్‌లు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకోండి.

రూమ్ స్టేషన్‌కీ ఊరి నడిబొడ్డుకీ మధ్యలో ఉంటే మంచిది. వెనిస్‌లో పెద్ద ట్రాలీ బ్యాగ్ అంటే ప్రతి వంతెన దగ్గరా చేతులతో ఎత్తడమే, బ్యాక్‌ప్యాక్ బెటర్. రైలు టికెట్ వెనిజియా శాంటా లూచియా వరకు తీసుకోండి. మెస్త్రే అంటే నీటికి ఇవతల నేల మీదున్న స్టేషన్. బొలోనియాలో హైస్పీడ్ ప్లాట్‌ఫారాలు భూమి లోపల లోతుగా ఉంటాయి, పది నిమిషాలు ముందే వెళ్లండి.  రీజనల్ రైలుకి కాగితం టికెట్ అయితే స్టేషన్‌లోని మెషిన్‌లో ముద్ర కొట్టాలి. లేదంటే ఫైన్.

ఫ్లారెన్స్‌లో ఉఫీజి, అకాడెమియా మ్యూజియంలు సోమవారం మూసి ఉంటాయి. డ్యూమో గుమ్మటానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, టైమ్ స్లాట్ ముందే బుక్ చేయాలి. వెనిస్‌లో 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్లకి ఎంట్రీ ఫీజు ఉంది. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు కానీ ఆన్‌లైన్‌లో మినహాయింపు క్యూఆర్ తీసుకోవాలి. దాన్నీ ప్రింట్ తీయండి.

రోజుకి ఒక పెద్ద బుకింగ్ చాలు, అదీ ఉదయం. రోజుకి 10 నుంచి 12 కి.మీ. దాటకుండా చూసుకోండి. మొదటి రోజే 20 దాటిస్తే మూడో రోజు పాదాలు మొరాయిస్తాయి. చెప్పులు, షూస్ ఏవైనా కొత్తవి వేసుకుని విమానం ఎక్కొద్దు.

వెళ్లేముందు ఒక డ్రై రన్

ప్రొడక్షన్‌లో పెట్టేముందు టెస్టింగ్ చేస్తాం కదా. ఒక ఆదివారం ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మీరు పెద్దగా తిరగని పాత పేటకి వెళ్లండి. హైదరాబాద్‌లో చార్మినార్ వెనకాల సందులు, విజయవాడలో వన్‌టౌన్ ఇందుకు బాగా పనికొస్తాయి. ఆఫ్‌లైన్ మ్యాప్‌తో ఒక గంట, ఫోన్ జేబులో పెట్టి కాగితం బొమ్మతో ఇంకో గంట నడవండి. అడిగి దారి తెలుసుకోండి. చుక్క ఎక్కడ గెంతుతుందో, బ్యాటరీ ఎంత తగ్గుతుందో, షూ ఎక్కడ కరుస్తుందో అక్కడే తేలిపోతుంది. అన్నీ సరిగ్గా ఉంటే వీసా అపాయింట్‌మెంట్ పేజీ తెరవండి.