ఇంటి చుట్టూ మిస్టింగ్ వేస్తే దోమలు పోతాయా? ఏలూరు, గూడెం, కొల్లేరు వాళ్ల కోసం

పంపులు, పైపులు, నీళ్ల సంగతులు మాట్లాడుకునే మన వీడియో ఇది. చూసే తీరిక లేక చదువుకునేవాళ్ల కోసం ఆ మాటల్నే ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం, ఏమనుకోకండి.

ఈసారి విషయం దోమలు. ఈమధ్య నాకొస్తున్న ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "ఏవండీ, దోమలకి మిస్టింగ్ పెడతారంట కదా, మా ఇంటికి ఎంతవుద్ది?" ఒకరు ఏలూరులో అపార్ట్‌మెంటు వాళ్లు. ఒకరిది తాడేపల్లిగూడెంలో ఫంక్షన్ హాలు. ఇంకొకాయన కైకలూరు అవతల రొయ్యల చెరువు గట్టు పక్కన ఇల్లు కట్టుకున్న రైతు. ముగ్గురికీ మూడు రకాలుగా జవాబు చెప్పాల్సి వచ్చింది. నేను కోళ్లఫారాలకీ, నర్సరీలకీ మిస్టింగ్ లైన్లు వేసే మనిషిని. లైను వేస్తే నాకు డబ్బులొస్తాయి. అయినా కొన్ని చోట్ల వద్దని చెప్పాను. ఎందుకు చెప్పానో వినండి.

ఒకే పేరు, మూడు వస్తువులు

ముందు ఒక గందరగోళం తీరాలి. మనవాళ్లు మూడు వేరు వేరు వాటిని మిస్టింగ్ అనే అంటున్నారు.

మొదటిది చల్లదనం కోసం వేసేది. హోటళ్లలో, ఫంక్షన్ హాళ్ల లాన్లలో చూసే ఉంటారు. సుమారు 70 బార్ ప్రెషర్ ఇచ్చే పంపు ఉంటుంది. నాజిల్ రంధ్రం 0.2, 0.3 మిల్లీమీటర్లు. అంత సన్నటి రంధ్రంలోంచి నీళ్లు పొగమంచులా వచ్చి, మన మీద పడేలోపే ఆవిరైపోతాయి. గాలి చల్లబడుతుంది, అంతే. అందులో ఉండేది వట్టి నీళ్లు. వాటితో దోమ చావదు. "మిస్ట్ ఫ్యాన్ పెట్టాక దోమలు తగ్గాయండీ" అంటారు. తగ్గించింది మిస్టు కాదు, ఫ్యాను. దోమ గట్టిగా ఎగరలేదు, ఫ్యాను గాలికి ఎదురు రాలేదు.

రెండోది ఫాగింగ్. మునిసిపాలిటీ వాళ్లు బండి మీద పెట్టుకొచ్చి వీధంతా పొగ కొడతారే, అది. డీజిల్‌లో మందు కలిపి వేడి చేసి పొగలా వదులుతారు. ఆ సమయంలో ఆ గాల్లో ఎగురుతున్న పెద్ద దోమలే చస్తాయి. నీళ్లలో ఉన్న లార్వాలకి ఏమీ కాదు. అందుకే డెంగీ లాంటి జ్వరాలు ప్రబలినప్పుడు దాన్ని తక్షణ సాయంగా వాడతారు. రోజూ చేసే వైద్యం కాదది.

మూడోదే ఇవాళ మనం మాట్లాడుకునేది, మందు మిస్టింగ్. ఒక డ్రమ్ములో నీళ్లలో కలిపిన పురుగుమందు, ఒక పంపు, ప్రహరీ గోడ చుట్టూ, చూరు కింద సన్న పైపు, దానికి నాజిళ్లు, ఒక టైమరు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి, అర నిమిషమో నిమిషమో స్ప్రే చేస్తుంది. అమెరికాలో మొదట పశువుల, గుర్రాల కొట్టాల్లో వాడి, తర్వాత ఇళ్లకి తెచ్చారు. అక్కడ కూడా పర్యావరణ సంస్థ అందులో పోసే మందుని రిజిస్టరు చేస్తుందే గాని, ఆ పైపులు, నాజిళ్ల సిస్టమ్‌కి ఆమోద ముద్ర వెయ్యదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. "అమెరికా అప్రూవల్ ఉందండీ" అని ఎవరైనా చెప్తే, దేనికి ఉందో అడగాలి.

మనల్ని కుట్టే దోమ ఎక్కడిది?

మన ప్రాంతంలో దోమలంటే అందరూ కొల్లేరు వైపు చూపిస్తారు. కొల్లేరుని తిట్టడం సులువు. కాని చూడండి, దోమ ఎగిరే దూరం చాలా తక్కువ. డెంగీ దోమ, అదే ఏడిస్, పుట్టినచోటు నుంచి కొన్ని వందల మీటర్లకి మించి పెద్దగా పోదు. మురుగులో పుట్టే క్యూలెక్స్ ఒకటి రెండు కిలోమీటర్లు పోవచ్చు. ఏలూరు ఊళ్లో మంచం మీద కుట్టిన దోమ కొల్లేరు నుంచి ఎగిరి రాలేదు. మీ సందు చివర మురుక్కాలవలోనో, సెప్టిక్ ట్యాంకులోనో, మేడ మీద పగిలిన బకెట్లోనో పుట్టింది.

ఒక్కో దోమ అలవాటు ఒక్కో రకం. క్యూలెక్స్ మురుగు నీళ్లలో తెప్పలా గుడ్లు పెడుతుంది, రాత్రి కుడుతుంది, బోదకాలు మోసేది ఇదే. ఏడిస్ మంచినీళ్లలో పెడుతుంది, పగలు కుడుతుంది. మలేరియా మోసేది అనాఫిలిస్. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇక గుర్రపుడెక్క, అంతరతామర పరుచుకున్న నీళ్లలో మాన్సోనియా అని ఇంకో రకం ఉంటుంది. దాని లార్వా పైకి రాదు, మొక్క వేరుకి గుచ్చుకుని అందులోంచే గాలి పీల్చుకుంటుంది. అందుకే అక్కడ ఆయిల్ బాల్స్ ఎన్ని వేసినా దానికి లెక్కలేదు. డెక్క తియ్యాల్సిందే.

మన ఎండకి గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు. ఆ వారంలో నీళ్లు పారబోస్తే చాలు. వేసవిలో కాలవలు కట్టేశాక డ్రెయిన్లలో పారుదల లేక నీళ్లు గుంటలు గుంటలుగా నిలిచిపోతాయి. వర్షాలు మొదలయ్యాక కొబ్బరి చిప్పలు, టైర్లు, వాడని రుబ్బురోళ్లు నిండుతాయి. మొదటిది క్యూలెక్స్‌కి పండగ, రెండోది ఏడిస్‌కి పండగ.

ఇప్పుడు మిస్టింగ్ టైమరు గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే ఒకసారి, చీకటి పడేటప్పుడు ఒకసారి. డెంగీ దోమ ఆ టైములో ఎక్కడుంటుంది? చాలావరకు ఇంట్లోనే, మంచం కింద, బట్టల కొంకీల వెనక. బయట చూరు కింద కొట్టిన మందు దానికి అందదు. డెంగీకి భయపడి పెట్టించుకున్నవాళ్లకి, డెంగీ దోమే తప్పించుకునే సిస్టమ్ అది.

గూడెంలో నా తప్పు

ఫంక్షన్ హాలు సంగతి చెప్తాను. అక్కడ లాన్‌లో చల్లదనం లైను నేనే వేశాను. నాజిళ్లకి యాంటీ డ్రిప్ వాల్వు ఉన్నవి పెట్టాల్సింది. ఖర్చు తగ్గుతుందని మామూలువి పెట్టాను. పంపు ఆగాక పైపులో మిగిలిన నీళ్లు చుక్క చుక్క కారి, కింద అలంకారానికి పెట్టిన పూలకుండీల పళ్లేలు నిండేవి. పైగా పంపు ట్యాంకు మీద మూత సరిగా లేదు. రెండు మూడు వారాలకి వడ్డించే కుర్రాళ్లని పట్టపగలే దోమలు కుట్టడం మొదలైంది. వెళ్లి పళ్లెం వంచి చూస్తే లార్వాలు గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఓనరు గారు ఒకటే మాటన్నారు. "చల్లగా ఉంటాదని వేస్తే దోమల్ని పెంచుతున్నామేంటండీ."

నాజిళ్లు నా ఖర్చుతో మార్చాను. పళ్లేలు తీయించాం. ట్యాంకుకి మూత, గాలిగొట్టానికి జాలీ. దోమలు తగ్గాయి. ఆయన మందు మిస్టింగ్ గురించి ఫోన్ చేసింది ఈ రిపేరుకి ముందు. తర్వాత మళ్లీ అడగలేదు.

చెరువు గట్టు మీద ఇల్లు

కైకలూరు రైతుది వేరే కథ. కిందటి వానాకాలం ఆయన కూతురికి డెంగీ వచ్చింది. పాప కోలుకుంది గాని, ఆ వారం రోజులు ఇంట్లోవాళ్లు పడ్డ భయం ఇంకా పోలేదు. "ఎంతైనా పర్లేదండీ, ఇంటి చుట్టూ వేసేయండి" అన్నారు. ఇంటికీ రొయ్యల చెరువుకీ మధ్య పట్టుమని ఇరవై అడుగులు లేవు.

నేను చెప్పింది ఇదీ. ఈ సిస్టమ్స్‌లో పోసేది ఎక్కువగా పైరిథ్రిన్, లేదా పెర్మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్ మందులు. పైరిథ్రిన్ ఒక రకం చామంతి పువ్వు నుంచి వస్తుంది. అందుకని "సహజమండీ, ఏం కాదు" అంటారు. మనిషికి తక్కువ ప్రమాదం అన్నది కొంత నిజమే. కాని చేపకి, రొయ్యకి ఇవి మహా విషం. కొద్ది మోతాదు చాలు. రొయ్యకీ దోమకీ చుట్టరికం ఉంది, రెండూ కీళ్లకాళ్ల జీవులే. దోమని చంపే మందు పక్కనున్న రొయ్యని చూసి ఆగదు. కొల్లేరు గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పొగమంచులాంటి ఆ తుంపర ఇరవై అడుగులు దాటడానికి ఎంతసేపు? తేనెటీగలకీ అదే ప్రమాదం. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ దానికీ పడదు.

ఇంకో సంగతి. మన మురుగు చివరికి పోయేది ఎక్కడికి? తమ్మిలేరు, బుడమేరు, డ్రెయిన్లు, అన్నీ కొల్లేరుకే. 1999లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. ఆటపాక గూడకొంగలు తినే చేపలూ, మనం తినే చేపలూ ఆ నీళ్లవే.

ఏలూరు వాళ్లకి ఈ జాగ్రత్త వేరే చెప్పాల్సిన పనిలేదు. 2020 డిసెంబరులో ఊళ్లో ఆరు వందల మందికి పైగా ఫిట్స్‌తో, కళ్లు తిరిగి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. దానికీ దోమల మందుకీ సంబంధం ఉందని నేను అనట్లేదు. కాని అంత జరిగిన ఊళ్లో, టైమరు పెట్టి రోజుకి రెండుసార్లు, అవసరం ఉన్నా లేకపోయినా మందు చల్లుకోవడం ఏం తెలివి? పైగా రోజూ కొద్దికొద్దిగా తగిలే మందుకి దోమ అలవాటు పడిపోతుంది. తట్టుకుని బతికినవే పిల్లలు పెడతాయి.

మరి ఏం చెయ్యాలి?

రైతు గారింటి చుట్టూ ఇద్దరం తిరిగాం. మేత డ్రమ్ముల మూతల్లో నీళ్లు, పాడైన ఏరేటర్ ఫ్లోటులో నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రేలో, కోళ్ల నీళ్ల పళ్లెంలో, మేడ మీద టార్పాలిన్ మడతల్లో. ఏడు చోట్ల లార్వాలు దొరికాయి. అన్నీ ఇంటికి పది గజాల లోపే. వరస ఇలా పెట్టుకున్నాం.

వారానికి ఒకరోజు, శుక్రవారం డ్రై డే. నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి లోపలి గోడ పీచుతో రుద్దాలి. ఏడిస్ గుడ్లు గోడకి అతుక్కుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి.

సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి దోమ జాలీ కట్టాలి. పాతిక రూపాయల గుడ్డతో అయ్యే పని, ఏ మిస్టింగూ దీనికి సాటి రాదు.

పారబొయ్యలేని మురుగుగుంటలకి బీటీఐ పొడి. ఇది 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికిన ఒక బాక్టీరియా. దోమ లార్వా తింటే చస్తుంది, చేపకి హాని చెయ్యదు. వాడని బావికి గంబూసియా చేపలు. వీటి కోసం మీ ఆరోగ్య సిబ్బందిని అడగండి.

చెరువు లోపల చేపలు తిరిగే చోట దోమ నిలవదు. అంచుల్లో గడ్డి, డెక్క ఉన్నచోటే పెరుగుతుంది. గట్టు వార శుభ్రంగా ఉంచాలి.

కిటికీలకి జాలీ, పడుకునే చోట ఫ్యాను, దోమతెర. పిల్లలకి పగలు నిద్రకి కూడా తెర.

నెల తర్వాత ఫోన్ చేశాను. పగలు కుట్టేవి బాగా తగ్గాయన్నారు. చీకటి పడ్డాక పక్క పొలాల నుంచి వచ్చేవి మాత్రం ఉన్నాయి. "తెర కట్టేసుకుంటున్నామండీ" అన్నారు. పూర్తిగా పోయాయని నేను చెప్పను, మన నేల మీద అది అయ్యే పని కాదు.

అయినా వేయించుకోవాలనుకుంటే

చేపల చెరువు, కాలవ, బావి ఏవీ దగ్గర్లో లేని పశువుల కొట్టం లాంటి చోట్ల పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా ఫిట్టర్ని ఈ నాలుగూ అడగండి. మందు పేరేంటి, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఇళ్ల దగ్గర ఈ పద్ధతిలో వాడటానికి రిజిస్టరయిందా? డబ్బా మీద త్రికోణం ఏ రంగు? ఎరుపైతే అతి తీవ్ర విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పొలానికి కొట్టే మందు డ్రమ్ములో పోస్తానంటే అక్కడితో ఆపేయండి. మందు వెనక్కి ఎక్కి తాగునీటి లైన్లో కలవకుండా నాన్ రిటర్న్ వాల్వు వేస్తున్నారా? టైమరు కాకుండా మనుషులు, పశువులు, మేత, తిండి లేనప్పుడు, గాలి లేనప్పుడు చేత్తో ఆన్ చేసేలా పెడతారా? నాలుగింటికీ సరైన జవాబు రాకపోతే వద్దు.

ఏలూరు అపార్ట్‌మెంటు వాళ్లకి ఏం చెప్పానంటారా? సెల్లారులో లిఫ్టు గుంట మూత తీసి చూడమన్నాను. సాయంత్రానికల్లా ఫోటో పంపారు. గుంటలో జానెడు నీళ్లు, పైన నల్లగా దోమలు. మోటారు పెట్టి తోడించారు.

మీ ఇంట్లో కూడా ఈ శుక్రవారం ఒక పావుగంట అలా తిరిగి చూడండి.